క్యాషింగ్ ప్రాక్సీ సర్వర్లలో డిస్క్ నిల్వ అమరిక

ఒక కార్యాలయంలోనో, కళాశాలలోనో ఉన్న కంప్యూటర్లన్నింటి తరఫున ఇంటర్నెట్‌కు వెళ్లి, అడిగిన పేజీని తెచ్చిపెట్టే సర్వర్‌ను వెబ్ ప్రాక్సీ అంటారు. తెచ్చినదాని నకలును తన దగ్గర దాచుకుని, మరొకరు అదే అడిగినప్పుడు బయటికి వెళ్లకుండా ఇచ్చేస్తే అది క్యాషింగ్ ప్రాక్సీ. దాచుకోవడానికి రెండు చోట్లున్నాయి. మెమరీ వేగమైనది, కానీ చిన్నది, కరెంటు పోతే ఖాళీ అవుతుంది. డిస్క్ నిదానమైనది, కానీ పెద్దది, సర్వర్ ఆగి మళ్లీ మొదలైనా సరుకు నిలిచే ఉంటుంది. ఈ రెండో చోటును ఎంత పెట్టాలి, ఎలా విభజించాలి, ఏ పద్ధతిలో రాయించాలి అన్నదే డిస్క్ నిల్వ అమరిక. ఈ పనిలో చాలామంది మొదట అడిగే ప్రశ్న ‘ఎన్ని జీబీలు ఇవ్వాలి?’ అని. నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. దానికంటే ముందు మెమరీ ఎంత ఉంది, డిస్క్ సెకనుకు ఎన్నిసార్లు కదలగలదు, దాచే వస్తువుల సైజు ఎంత, అసలు దాచదగ్గవి ఎన్ని అన్న నాలుగు సంగతులు తేలాలి.

ఈ లెక్కలు పట్టుబడాలంటే ఒక చోటును ఊహించుకోవడం మేలు. చిత్తూరు జిల్లా కార్వేటినగరంలో జిల్లా విద్యా శిక్షణ సంస్థ, వాడుకలో డైట్, ఉంది. 1986 జాతీయ విద్యా విధానం దేశమంతటా జిల్లాకొకటి చొప్పున తలపెట్టిన ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో ఇదొకటి. ఒకప్పటి జమీందారీ కేంద్రంగా, వేణుగోపాలస్వామి గుడికీ స్కంద పుష్కరిణికీ పేరున్న ఊరది. పెద్ద డేటా సెంటర్లకు దూరం. ఇలాంటి ఊళ్లోని ఏదో ఒక శిక్షణ సంస్థలో నలభై కంప్యూటర్ల గది, ఒకే ఇంటర్నెట్ కనెక్షన్, పాత సర్వర్ ఒకటి ఉన్నాయనుకుందాం. సర్వర్‌లో 4 జీబీ మెమరీ, 500 జీబీ తిరిగే హార్డ్ డిస్క్. పాఠం మొదలవగానే నలభై మందీ ఒకే పేజీ తెరుస్తారు. వారానికొకసారి నలభై యంత్రాలూ ఒకే అప్‌డేట్‌ను దింపుకుంటాయి. ప్రాక్సీ పుట్టిందే ఇలాంటి గదుల కోసం.

వెబ్ ప్రాక్సీకి మొదటి రూపం వెబ్ పుట్టిన చోటే, జెనీవా దగ్గరి సెర్న్‌లో వచ్చింది. 1994లో ఆరి లుయోటోనెన్, కెవిన్ ఆల్టిస్ రాసిన పత్రం ఆ పద్ధతిని లోకానికి పరిచయం చేసింది. అదే కాలంలో అమెరికాలో కొలరాడో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలవాళ్లు హార్వెస్ట్ అనే పరిశోధన ప్రాజెక్టులో ఒక క్యాష్‌ను తయారు చేశారు. దాని వారసత్వం రెండు పాయలైంది. పీటర్ డాంజిగ్ వెంట నడిచిన పాయ నెట్‌క్యాష్ అనే వాణిజ్య ఉత్పత్తి అయి, 1997లో నెట్‌యాప్ చేతికి వెళ్లింది. డ్యూయేన్ వెసెల్స్ నడిపిన పాయ 1996లో స్క్విడ్ పేరుతో అందరికీ ఉచితంగా అందింది. ఇప్పటికీ ప్రాక్సీ అనగానే సిస్టమ్ అడ్మిన్లకు మొదట గుర్తొచ్చే పేరు స్క్విడ్, దాని 3128 పోర్టు. డిస్క్ అమరిక గురించి ఇంత లోతుగా ఆలోచించి, అన్ని మీటలనూ వాడుకరి చేతికిచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంకొకటి అరుదు కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

మన దగ్గర దీని అవసరం ఎంత తీవ్రంగా ఉండేదో ఆనాటి లైన్ల వేగం చెబుతుంది. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు డయలప్ వేగం 9.6 కిలోబిట్ల దగ్గర మొదలైంది. 1998లో ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. హైదరాబాద్ సత్యం కుటుంబం నుంచి వచ్చిన సత్యం ఇన్ఫోవే ఆ ఏడాదే సేవ మొదలుపెట్టి, తర్వాత ఐవే పేరుతో ఊరూరా ఇంటర్నెట్ కేంద్రాలు నడిపింది. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చినా దాని ఆరంభ వేగం 256 కిలోబిట్లు, అంటే సెకనుకు 32 కేబీ. ఆ లైను మీద 4 ఎంబీ ఫైలు రావడానికి రెండు నిమిషాలకు పైగా పట్టేది. అదే ఫైలు ప్రాక్సీ డిస్క్ మీద ఉంటే రెప్పపాటులో వచ్చేది. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు డౌన్‌లోడ్లు ఉచితం. ఆ వేళలో కావలసినవి దింపి దాచుకుని పగలు వాడుకోవడం అప్పటి ఇళ్లలో, ల్యాబుల్లో మామూలు సంగతి.

ఇక అసలు అమరికలోకి. స్క్విడ్‌లో డిస్క్ నిల్వను ‘క్యాష్ డిర్’ అనే ఆదేశం నిర్ణయిస్తుంది. అందులో వరుసగా నిల్వ పద్ధతి పేరు, ఫోల్డర్ దారి, ఎంబీల్లో పరిమాణం, మొదటి అంచె ఫోల్డర్ల సంఖ్య, రెండో అంచె ఫోల్డర్ల సంఖ్య ఉంటాయి. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉదాహరణగా కనిపించే వరుసను తెలుగులో పలికితే: ‘యూఎఫ్ఎస్ పద్ధతి, వార్ కింద స్పూల్ కింద స్క్విడ్ ఫోల్డర్, 100 ఎంబీ, 16, 256’. కొత్త వెర్షన్లలో ఈ వరుస ముందు వ్యాఖ్య గుర్తు ఉంటుంది. అంటే దాన్ని కావాలని తెరవకపోతే స్క్విడ్ మెమరీలో మాత్రమే దాచుకుంటుంది, డిస్క్‌ను ముట్టదు. సర్వర్ నెలల తరబడి నడుస్తున్నా డిస్క్ ఫోల్డర్ ఖాళీగా ఉందని కంగారుపడేవాళ్లు ముందు చూడాల్సింది ఇక్కడే. ఆ వరుస తెరిచాక, సర్వర్‌ను ఆపి ‘స్క్విడ్’ ఆదేశానికి ‘జెడ్’ మీట చేర్చి ఒకసారి నడిపితే లోపలి ఫోల్డర్లు తయారవుతాయి. ఆ ఫోల్డర్ యజమాని కూడా సరిగా ఉండాలి: డెబియన్, ఉబుంటు కుటుంబంలో ‘ప్రాక్సీ’ అనే వాడుకరి, రెడ్ హ్యాట్ కుటుంబంలో ‘స్క్విడ్’ అనే వాడుకరి. రెడ్ హ్యాట్‌లో వేరే డిస్క్‌కు మార్చినప్పుడు ఎస్ఈలైనక్స్ ముద్ర కూడా మార్చాలి, లేకపోతే అనుమతులన్నీ సరిగా ఉన్నా రాయనివ్వదు.

పరిమాణం అనే అంకె దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. డిస్క్ మీద ఏముందో స్క్విడ్ ప్రతిసారీ వెతకదు. ప్రతి వస్తువుకూ ఒక చిన్న ఎంట్రీని మెమరీలో ఉంచుకుంటుంది. ఆ సూచీ ఖర్చుకు స్క్విడ్ బృందం ఇచ్చే లెక్క: 64 బిట్ల సిస్టమ్‌లో డిస్క్ క్యాష్ ఒక్కో జీబీకి సుమారు 14 ఎంబీ మెమరీ, పాత 32 బిట్లలో 10 ఎంబీ. సగటు వస్తువు 13 కేబీ అన్న పాత అంచనా దీని వెనుక ఉంది. జీబీలో అలాంటివి ఎనభై వేల చిల్లర పడతాయి; విభజిస్తే వస్తువుకు 180 బైట్ల చొప్పున తేలుతుంది. పైన అనుకున్న గదిలోని సర్వర్‌కు ఈ లెక్క వేసి చూడాలి. 500 జీబీ డిస్క్ ఉంది కదా అని 400 జీబీ ఇచ్చేస్తే సూచీకే 5.6 జీబీ మెమరీ కావాలి. ఉన్నది 4 జీబీ. క్యాష్ నిండేకొద్దీ సర్వర్ స్వాప్‌లోకి, అంటే మెమరీ చాలక డిస్క్‌నే మెమరీగా వాడుకునే స్థితిలోకి, జారుతుంది. సూచీ వెతకడానికే డిస్క్ తిరగాల్సి వస్తుంది. మొదటి నెల చక్కగా నడిచినది మూడో నెలలో నత్తనడక నడుస్తుంది. 100 జీబీ ఇస్తే సూచీకి 1.4 జీబీ చాలు, మిగతావాటికి చోటు ఉంటుంది. డిస్క్ సైజును మెమరీ నిర్ణయిస్తుందన్న ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఇబ్బందులు రావు.

ఇంకో పొరపాటు అవగాహన కూడా ఇక్కడే ఉంది. ‘క్యాష్ మెమ్’ అనే మరో ఆదేశం ఉంది, ఇప్పటి ప్రారంభ విలువ 256 ఎంబీ. స్క్విడ్ మొత్తం వాడే మెమరీకి అది హద్దు అని చాలామంది అనుకుంటారు. కాదు. ఇప్పుడు ప్రయాణంలో ఉన్న వస్తువులు, తరచూ అడిగే వస్తువులు ఉంచే మెమరీకి మాత్రమే అది హద్దు. సూచీ వేరు, కనెక్షన్ల ఖర్చు వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ తన కోసం డిస్క్ ఫైళ్లను ఉంచుకునే మెమరీ వేరు. చివరిదానికి చోటు మిగల్చకపోతే డిస్క్ ఎంత మంచిదైనా నిదానంగానే కనబడుతుంది.

పెద్ద డిస్క్ పెడితే లాభం ఎంత అన్నదానికి 1999లో లీ బ్రెస్‌లావ్, పీ కావ్ తదితరులు ఇచ్చిన జవాబు నేటికీ చెల్లుతుంది. ఆరు చోట్ల ప్రాక్సీల రికార్డులు పరిశీలించి, వెబ్‌లో పేజీల ఆదరణ జిఫ్ సూత్రాన్ని పోలి ఉంటుందని వాళ్లు చూపారు: కొద్ది పేజీలను అందరూ అడుగుతారు, లెక్కలేనన్ని పేజీలను ఎవరో ఒకరు ఒక్కసారే అడుగుతారు. దాని పర్యవసానం ఏమిటంటే క్యాష్ సైజును రెట్టింపు చేసిన ప్రతిసారీ హిట్ల శాతం, అంటే క్యాష్ నుంచే తీరే కోరికల శాతం, ఒకే చిన్న మోతాదులో పెరుగుతుంది. 10 జీబీ నుంచి 20కి వెళ్తే ఎంత లాభమో, 200 నుంచి 400కి వెళ్తే దాదాపు అంతే లాభం. ఖర్చు మాత్రం ఇరవై రెట్లు. చిన్న కళాశాలకు ఇది శుభవార్తే.

నిల్వ పద్ధతుల పేర్లు మొదట వినేవారికి గందరగోళంగా ఉంటాయి కానీ వాటి వెనుక ఉన్న సమస్య ఒక్కటే. తిరిగే హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. చదివే చేయి అక్కడికి జరగడానికి మరో 8, 9. కలిపితే ఒక్కో కదలికకు 12, 13 మిల్లీసెకన్లు. సెకనుకు ఎనభై కదలికలకు మించి కష్టం. వెబ్ పేజీలో బొమ్మలు, స్క్రిప్టులు, స్టైల్ ఫైళ్లు కలిసి అనేక చిన్న వస్తువులుంటాయి. ఒకేసారి నలభై మంది తెరిస్తే చేయి ఎటు జరగాలో తెలియక తల్లడిల్లుతుంది.

యూఎఫ్ఎస్ అన్నిటికంటే పాతది, అన్నిటికంటే సరళమైనది. ప్రతి వస్తువూ ఒక విడి ఫైలు. ఫైలు పేరు ఎనిమిది హెక్సాడెసిమల్ అంకెలు. పక్కనే ‘స్వాప్ స్టేట్’ అనే చిట్టా ఫైలు. లోపం ఏమిటంటే, డిస్క్ ఒక ఫైలును ఇచ్చేదాకా స్క్విడ్ ప్రాసెస్ మొత్తం ఆగి చూస్తుంది. ఆ పన్నెండు మిల్లీసెకన్లూ మిగతా అందరూ ఎదురుచూడాలి. ఏయూఎఫ్ఎస్ ఇదే ఫైళ్ల అమరికను ఉంచి, చదవడం రాయడం మాత్రం థ్రెడ్లకు అప్పగిస్తుంది, ప్రధాన ప్రాసెస్ తన పని తాను చేసుకుంటుంది. లైనక్స్‌లో తిరిగే డిస్క్ మీద నేటికీ ఇదే సహజమైన ఎంపిక. డిస్క్‌డి అదే పనిని వేరే ప్రాసెస్‌కు అప్పగిస్తుంది; థ్రెడ్లు సరిగా లేని రోజుల్లో ఫ్రీబీఎస్‌డీవాళ్లు దాన్ని ఇష్టపడేవారు. ఈ మూడూ డిస్క్ మీద ఒకే రూపంలో రాస్తాయి కాబట్టి ఒకదాన్నుంచి మరొకదానికి మారినా దాచిన సరుకు పోదు.

రాక్ పద్ధతి దారి వేరు. 3.2 వెర్షన్‌తో వచ్చిన ఇది వేలాది ఫైళ్లకు బదులు ఒకే పెద్ద ఫైలును ముందే సమాన గదులుగా విభజించుకుంటుంది. గది సైజు ప్రారంభంలో 16 కేబీ. మొదట్లో 32 కేబీ దాటిన వస్తువులను ఇది దాచలేకపోయేది, 3.5 నుంచి పెద్దవాటిని కొన్ని గదుల్లో ముక్కలుగా దాచగలుగుతోంది. దీని అసలు బలం ఇంకోటి. స్క్విడ్‌ను ఒకటికి మించిన వర్కర్లతో, అంటే ప్రాసెసర్‌లోని అనేక కోర్లను వాడేలా నడిపినప్పుడు, యూఎఫ్ఎస్ కుటుంబం ఫోల్డర్లను వర్కర్లు పంచుకోలేవు. ఒక్కో వర్కర్‌కు ఒక్కో ఫోల్డర్ విడిగా ఇవ్వాలి. ఫలితంగా ఒకే బొమ్మ నాలుగు చోట్ల దాగుతుంది, ఒక వర్కర్ దగ్గర ఉన్నది పక్క వర్కర్‌కు కనబడదు. రాక్‌ను మాత్రం అందరు వర్కర్లూ పంచుకుంటారు. డిస్క్ పని కోసమే ప్రత్యేకంగా ఒక ప్రాసెస్ ఉంటుంది. డిస్క్ మీద మరీ ఒత్తిడి పడకుండా సెకనుకు ఇన్ని రాతలే అని హద్దు కూడా పెట్టవచ్చు.

రెండు పద్ధతులనూ ఒకే సర్వర్‌లో వాడుకోవడం మరీ మేలైన అమరిక. చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి ఉంటే దాని మీద రాక్, 32 కేబీ వరకున్న వస్తువులకు. తిరిగే పెద్ద డిస్క్ మీద ఏయూఎఫ్ఎస్, అంతకు పైబడ్డవాటికి. క్యాష్ డిర్ వరుస చివర కనిష్ఠ, గరిష్ఠ సైజు చెప్పే వీలు ఇందుకే ఉంది. లెక్కలేనన్ని చిన్న కదలికలు ఎస్ఎస్‌డీ మీదికి పోతాయి. తిరిగే డిస్క్ తనకు బాగా వచ్చిన పని, అంటే పెద్ద ఫైలును ఏకబిగిన చదవడం, చేసుకుంటుంది.

అంచె ఫోల్డర్ల సంఖ్యకు కూడా కారణం ఉంది. లక్షల ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉంటే పాత ఫైల్ సిస్టమ్‌లకు ఒక్కదాన్ని వెతకడమే భారం. అందుకే 16 ఫోల్డర్లలో ఒక్కోదాని కింద 256 చొప్పున 4,096 అరలు. అరకు 256 ఫైళ్లు అనుకుంటే పది లక్షలకు కాస్త పైన వస్తువులు కుదురుగా సర్దుకుంటాయి. 100 జీబీకి ఇది చాలదు. 13 కేబీ సగటుతో అందులో 80 లక్షల వస్తువులు పడతాయి. దాన్ని 256తో రెండుసార్లు భాగించి, ఎదగడానికి చోటుగా రెట్టింపు చేస్తే 246 వస్తుంది. మొదటి అంచెలో ఆ సంఖ్య, రెండో అంచెలో 256 ఉంచడం పాత స్క్విడ్ పత్రాలు నేర్పిన సూత్రం. ఇప్పటి ఎక్స్ఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4లకు పెద్ద ఫోల్డర్లంటే అంత భయం లేదు కనుక ఈ అంకె అటూ ఇటూ అయినా కొంప మునగదు. కానీ ఇంకో హద్దు మాత్రం కచ్చితమైనది: ఒక క్యాష్ డిర్‌లో ఫైలు సంఖ్యకు 24 బిట్లే ఉన్నాయి, అంటే సుమారు 1 కోటి 67 లక్షల వస్తువులు. 13 కేబీ సగటు దగ్గర అది 208 జీబీ. ఒకే ఫోల్డర్‌కు 500 జీబీ రాసిచ్చినా చిన్న వస్తువులతో అది నిండదు. పెద్ద డిస్క్‌కు రెండు మూడు క్యాష్ డిర్‌లు అవసరమయ్యేది ఇందుకే.

డిస్క్ మొత్తాన్ని స్క్విడ్‌కు రాసివ్వకూడదన్నది మరో నియమం. ఫైల్ సిస్టమ్ సొంత ఖర్చు, చిట్టా ఫైలు, తాత్కాలిక పొంగు, అన్నిటికీ కలిపి ఐదో వంతు వదలాలి. విభాగంలో 80 శాతమే క్యాష్‌కు. పైగా చెరిపే పని కూడా ముందే మొదలవుతుంది. చిత్తూరు వైపు చెరువు నిండితే కట్ట మీదుగా పొంగకుండా నీళ్లు మరువ పారినట్టు, స్క్విడ్‌కు రెండు నీటిమట్టాలున్నాయి: ఇచ్చిన చోటులో 90 శాతం దాటితే పాతవాటిని మెల్లగా తీసేయడం మొదలుపెడుతుంది, 95కు చేరేకొద్దీ ఆ వేగం పెంచుతుంది. చిన్న క్యాష్‌లో ఈ ఐదు శాతం తేడా పెద్దగా తెలియదు. 200 జీబీలో అది 10 జీబీ. పెద్ద క్యాష్‌లలో రెండు మట్టాలనూ దగ్గరికి జరిపితే చెరిపే పని ఒక్కసారిగా మీద పడకుండా రోజంతా పలచగా సాగుతుంది.

లాగ్ ఫైళ్లను క్యాష్ ఉన్న డిస్క్ మీదే ఉంచడం, ఆపరేటింగ్ సిస్టమ్ విభాగంలోనే క్యాష్ పెట్టడం, ఈ రెండూ ఎప్పుడో ఒకనాడు సర్వర్‌ను నిలువునా ఆపేస్తాయి. క్యాష్‌కు విడి విభాగం, వీలైతే విడి డిస్క్. దాన్ని ‘నోఏటైమ్’ తో మౌంట్ చేస్తే ఫైలు చదివిన ప్రతిసారీ చదివిన వేళను రాసుకునే దండగ రాత తప్పుతుంది. రెండు మూడు డిస్క్‌లుంటే వాటిని ఒకే నిల్వగా కలిపే రెయిడ్ చేయాలా? ఫైళ్లు పోకూడని చోట రెయిడ్ వరం. క్యాష్‌లో ఉన్నది నకలే. పోతే మళ్లీ దింపుకోవచ్చు. రెయిడ్ 5లో ప్రతి చిన్న రాతకూ పారిటీ లెక్క కోసం అదనపు చదువులు, రాతలు జరుగుతాయి, చిన్న రాతలతో బతికే ప్రాక్సీకి అది గుదిబండ. రెయిడ్ 0లో ఒక డిస్క్ పోతే అంతా పోతుంది. అందుకే డిస్క్‌కొక క్యాష్ డిర్ చొప్పున విడివిడిగా ఇవ్వడమే స్క్విడ్ బృందం సలహా. భారం తక్కువగా ఉన్న డిస్క్‌ను స్క్విడే ఎంచుకుంటుంది. ఒక డిస్క్ చెడితే స్క్విడ్ ఆగిపోవచ్చు. ఆ వరుస ఒకటి తీసేసి మొదలుపెడితే మిగతా డిస్క్‌ల సరుకు భద్రం. సేవ ఒక్క నిమిషం కూడా ఆగకూడదనుకునే చోట రెయిడ్ 1కు అర్థముంది.

రాయలసీమ పల్లెల్లో కరెంటు కోతలు తెలిసినవాళ్లకు యూపీఎస్ ఈ అమరికలో భాగమే. స్క్విడ్ పద్ధతిగా ఆగితే స్వాప్ స్టేట్ చిట్టాను శుభ్రంగా రాసి ముగిస్తుంది. మళ్లీ లేచినప్పుడు దాన్ని చదువుకుని త్వరగా సూచీ కట్టుకుంటుంది. హఠాత్తుగా పడిపోతే చిట్టాను పూర్తిగా నమ్మలేదు, ఎంట్రీలను సరిచూసుకోవాలి. చిట్టానే పోతే లక్షల ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. ఆ పునర్నిర్మాణం సాగినంతసేపూ డిస్క్ చేయి దాని పనిలోనే ఉంటుంది, వాడుకరులకు మిగిలేది తక్కువ. పది నిమిషాలు నిలబెట్టి, సర్వర్‌ను సరిగా ఆపే చిన్న యూపీఎస్ ఖరీదు దీని ముందు లెక్కలోది కాదు.

ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది డిస్క్ అమరికలో ఆలోచనకు ఎక్కువ చోటున్న భాగం. మామూలు పద్ధతి ఎల్ఆర్‌యూ: చాలాకాలంగా ఎవరూ అడగనిదాన్ని తీసేయడం. హ్యూలెట్ ప్యాకర్డ్ పరిశోధకుల కృషి వల్ల మరో రెండు చేరాయి. జీడీఎస్ఎఫ్ చిన్నవీ, ఆదరణ ఉన్నవీ అయిన వస్తువులను నిలుపుతుంది. హిట్ల సంఖ్య పెరుగుతుంది, పేజీలు చకచకా తెరుచుకుంటాయి. ఎల్ఎఫ్‌యూడీఏ సైజు చూడకుండా ఆదరణనే చూస్తుంది. ఒక పెద్ద అప్‌డేట్ ఫైలును పదిమంది అడిగితే దాన్ని వదలదు, కాబట్టి లైను మీద ఆదా అయ్యే బైట్లు పెరుగుతాయి. పేజీలు నిదానంగా తెరుచుకుంటున్న చోట మొదటిది, నెలకు ఇన్ని జీబీలే అన్న హద్దు ఉన్న చోట రెండోది మేలు. మెమరీకి జీడీఎస్ఎఫ్, డిస్క్‌కు ఎల్ఎఫ్‌యూడీఏ అని విడదీసి పెట్టడం సమంజసం.

దీనితో పాటు మార్చాల్సింది వస్తువు గరిష్ఠ సైజు. స్క్విడ్ ప్రారంభ హద్దు 4 ఎంబీ. అంటే 100 జీబీ డిస్క్ ఇచ్చినా 5 ఎంబీ ఫైలును అది దాచదు! ల్యాబులో నిజంగా ఆదా చేసేవి 50, 100, 500 ఎంబీల ప్యాకేజీలే కాబట్టి ఈ హద్దును పెంచకపోతే డిస్క్ పెట్టిన ప్రయోజనమే దక్కదు. ఈ ఆదేశం క్యాష్ డిర్ వరుసకు ముందే ఉండాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. విండోస్ అప్‌డేట్‌లో మరో చిక్కుంది: అది ఫైలును ముక్కలు ముక్కలుగా అడుగుతుంది, ముక్కలను స్క్విడ్ దాచుకోలేదు. ముక్క అడిగినా ఫైలు మొత్తం దింపమని చెప్పే హద్దు ఒకటి విడిగా ఉంది. అయితే దాన్ని అన్ని సైట్లకూ వర్తింపజేస్తే ఒక చిన్న ముక్క కోసం మొత్తం సినిమా దిగిపోతుంది. అప్‌డేట్ సర్వర్లకే పరిమితం చేయడం అవసరం.

తెలుగు పేజీల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. యూనికోడ్ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘కార్వేటినగరం’ అన్న పేరులో హల్లులు, గుణింతాలు, పొల్లు, సున్నా కలిపి 12 సంకేతాలు, అంటే 36 బైట్లు. కుదింపు తర్వాత ఈ భారం చాలా తగ్గుతుంది. తెలుగు వెబ్ ఫాంట్ ఫైలు మాత్రం ఒత్తుల రూపాలన్నీ మోయాల్సి రావడంతో ఆంగ్ల ఫాంట్ కంటే బరువు. ఏళ్లతరబడి మారని ఫాంట్ ఫైలు క్యాష్‌లో దాచదగ్గ వస్తువుకు చక్కని ఉదాహరణ.

దాచకూడనివి కూడా మన చుట్టూనే ఉన్నాయి. పదో తరగతి ఫలితాల రోజు లక్షల మంది ఒకే సైటు మీద పడతారు. మొదటి పేజీ, బొమ్మలు, స్క్రిప్టులు అందరికీ ఒకటే, క్యాష్ వాటిని ఆదుకుంటుంది. హాల్ టికెట్ నంబరు కొట్టాక వచ్చే మార్కుల పేజీ ఒక్కరికే చెందింది. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల విడుదల రోజూ అంతే: ఏ తేదీన ఎన్ని మిగిలాయో చెప్పే జవాబు సెకను క్రితందైనా తప్పే. అలాంటి జవాబుల మీద సర్వర్ ‘దాచవద్దు’ అన్న గుర్తు పంపుతుంది. హెచ్‌టీటీపీ క్యాషింగ్ నియమాలను, ఇటీవలిది 2022లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 9111, ప్రాక్సీ పాటించాలి. హిట్లు పెంచుకోవాలన్న ఆశతో ఆ గుర్తులను పక్కనపెట్టే మీటలు స్క్విడ్‌లో ఉన్నా, ఒకరి మార్కులు మరొకరికి చూపే ప్రమాదం అందులో ఉంది. వాటి జోలికి పోకపోవడమే క్షేమం.

గత పదేళ్లలో ఈ రంగాన్ని తలకిందులు చేసింది హెచ్‌టీటీపీఎస్. బ్రౌజర్, సైట్ మధ్య మాట గుప్తంగా సాగినప్పుడు ప్రాక్సీకి కనబడేది సైట్ పేరు మాత్రమే. లోపల ఏ ఫైలు పోతుందో తెలియదు, దాచలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాక వెబ్‌లో చాలా భాగం అటే వెళ్లింది. 2017లో మొదలైన దీక్ష వేదిక పాఠాలు, వీడియోలు ఉపాధ్యాయ శిక్షణ గదిలో నలభై మంది ఒకేసారి చూసినా మామూలు ప్రాక్సీ వాటిని ఒక్కసారే దింపి పంచలేదు. యంత్రాలన్నిట్లో సొంత సర్టిఫికెట్ పెట్టి గుప్త సంభాషణను మధ్యలో విప్పే వీలు స్క్విడ్‌లో ఉంది కానీ, బ్యాంకు వివరాలు కూడా అదే దారిలో పోతాయి కనుక వాడుకరులకు తెలియజేసి, వారి సమ్మతితో తప్ప చేయదగ్గ పని కాదు.

అలాగని డిస్క్ క్యాష్ పని అయిపోలేదు. ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలు నేటికీ మామూలు హెచ్‌టీటీపీలోనే దిగుతాయి. నమ్మకం కోసం వాటికి డిజిటల్ సంతకాలున్నాయి. వీటి కోసమే ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ వంటి చిన్న ప్రాక్సీలున్నాయి, స్క్విడ్ కూడా చక్కగా పనికొస్తుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా పల్లెలకు తీగ తెచ్చి, నెలకు 149 రూపాయల ప్యాకేజీతో ఇళ్లకు చేరింది. లైను వేగం పెరిగినా, నలభై యంత్రాలు ఒకే అప్‌డేట్‌ను నలభైసార్లు దింపుకోవడం దండగే.

అసలు డిస్క్ క్యాష్ అటు వైపుకు, అంటే సైట్ల ముందున్న రివర్స్ ప్రాక్సీల దగ్గరికి, తరలింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా పేజీలను మిగతా భాషలతో పాటు చాలా ఏళ్లు స్క్విడ్ సర్వర్లే పాఠకులకు అందించాయి. తర్వాత వికీపీడియాను నడిపే వికీమీడియా వార్నిష్ అనే మరో సాఫ్ట్‌వేర్‌కు మారింది. 2006లో పౌల్ హెన్నింగ్ కాంప్ రూపొందించిన వార్నిష్ వాదన ఏమిటంటే, ఏది మెమరీలో ఉండాలో, ఏది డిస్క్‌కు పోవాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కే బాగా తెలుసు, స్క్విడ్‌లా రెండింటినీ విడిగా మోయడం దానితో పోట్లాటే అని. వికీమీడియా డిస్క్ నిల్వకు మాత్రం ఆ పద్ధతి నిలవలేదు. 2019 నుంచి ఆ పనిని అపాచీ ట్రాఫిక్ సర్వర్‌కు అప్పగించారు. ఇంక్‌టోమీలో పుట్టి, యాహూ చేతికి వెళ్లి, 2009లో అపాచీకి చేరిన ఈ సాఫ్ట్‌వేర్ ఫైల్ సిస్టమ్‌నే పక్కనపెట్టి ముడి డిస్క్ మీద గుండ్రంగా రాసుకుంటూ పోతుంది: చివరికి చేరాక మళ్లీ మొదటికి వచ్చి పాతదాని మీద రాస్తుంది. చెరిపే పని విడిగా ఉండదు. సూచీ ఎంట్రీకి 10 బైట్లు. సగటు వస్తువు 8,000 బైట్ల లెక్కన ఒక టీబీకి 1.25 జీబీ మెమరీ చాలు. స్క్విడ్ పాత లెక్కలో అదే టీబీకి 14 జీబీ కావాలి. 2018 నుంచి వికీమీడియాకు సింగపూర్‌లో క్యాష్ కేంద్రం ఉంది. ఆసియా పాఠకులకు దగ్గరి నిల్వ అదే.

ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ స్క్విడ్‌కూ ట్రాఫిక్ సర్వర్‌కూ మధ్యస్తం. స్క్విడ్‌లాగే విడి ఫైళ్లు, అంచె ఫోల్డర్లు. కానీ సూచీకి ఎంత మెమరీ ఇస్తున్నామో మనమే చెప్పాలి, 1 ఎంబీలో సుమారు 8,000 ఎంట్రీలు పడతాయి. పది నిమిషాలు ఎవరూ అడగకపోతే వస్తువును తీసేయడం దాని ప్రారంభ అమరిక. డిస్క్ నిండకముందే క్యాష్ ఖాళీ అవుతోందని చాలామంది విస్తుపోయేది ఈ ఒక్క అంకె వల్లే.

అమరిక సరిగా ఉందో లేదో లాగ్‌లో కనబడుతుంది. ‘మెమ్ హిట్’ అంటే మెమరీ నుంచి, ‘హిట్’ అంటే డిస్క్ నుంచి, ‘మిస్’ అంటే బయటి నుంచి. హిట్ల శాతాన్ని వస్తువుల లెక్కనా, బైట్ల లెక్కనా విడివిడిగా చూడాలి. మొదటిది ఎక్కువై రెండోది తక్కువైతే గరిష్ఠ సైజు హద్దు ఇంకా చిన్నదిగా ఉందని అర్థం. డిస్క్ హిట్లకు పట్టే సమయం మిస్‌లకు పట్టే సమయాన్ని సమీపిస్తే డిస్క్ అలసిపోయింది. క్యాష్‌ను పెంచడం కాదు, తగ్గించడమే అప్పుడు మందు.

ఎస్ఎస్‌డీ వచ్చాక చేయి కదలికల బాధ పోయింది, రాతల ఆయుష్షు అనే కొత్త లెక్క వచ్చింది. 1 టీబీ మామూలు ఎస్ఎస్‌డీకి 600 టీబీ రాతల వరకు హామీ ఇవ్వడం సాధారణం. రోజుకు 200 జీబీ క్యాష్ రాతలు పడితే అది ఎనిమిదేళ్లకు పైగా వస్తుంది. రద్దీ సేవలో రోజుకు 2 టీబీ పడితే ఏడాది తిరక్కుండానే హామీ తీరిపోతుంది. రాక్‌లో రాతల వేగానికి హద్దు పెట్టడం, ఒక్కసారే అడిగే పెద్ద వీడియో ఫైళ్లను దాచవద్దని నియమం రాయడం, డిస్క్‌లో ఐదో వంతు ఖాళీగా వదలడం ఆ ఆయుష్షును పొడిగిస్తాయి. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదికలో అరుగుదల శాతాన్ని నెలకొకసారి చూసి రాసిపెట్టుకుంటే కొత్త డిస్క్‌కు డబ్బు ఎప్పుడు అడగాలో సంస్థ పెద్దలకు ముందే చెప్పవచ్చు.